పదిహేను రోజుల తర్వాత సైకిలు

జ్వరమొచ్చి పదిహేను రోజులు సైకిలు మూలన పడితే, మళ్లీ ఎక్కిన రోజు అశోక్ చౌక్ దాటకముందే ఆయాసం వస్తుంది. ‘ఇక నా పని అయిపోయింది’ అనుకోవద్దు అన్నా. ముందు తగ్గేది దమ్ము. కాళ్ల బలం అంత తొందరగా పోదు. రెండు వారాలు తొక్కకుంటే రక్తంలో నీటిపాలు తగ్గుతుంది, అందుకే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. మళ్లీ తొక్కుతుంటే త్వరగా తిరిగొచ్చేదీ అదే.

నేనైతే జ్వరం పూర్తిగా పోయాకే సైకిలు తీస్తా. మొదటి వారం రోజు విడిచి రోజు, మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే. ఎదురుగాలి ఉంటే దిగి నడుస్తా. కార్ఖానాకు ఆలస్యమైతే పగారు కోస్తారు కాబట్టి ముందే బయల్దేరతా. రెండో వారం నుంచి రోజూ తొక్కుతా, రిక్షా డబ్బులు మిగులుతాయి.

టైర్లలో గాలి, చైనుకు నూనె చూసుకోండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి డాక్టరుకు చూపించుకోండి. షిఫ్టు రేపు కూడా ఉంటుంది.