నీడ లేని మధ్యాహ్నం

ఏటా ఆగస్టు 3 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటి ఇరవై నిమిషాలయ్యేసరికి, హైదరాబాద్‌లో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ కనిపించదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మే 9 ప్రాంతంలోనూ ఇదే జరుగుతుంది గానీ, అప్పుడు బడులకు సెలవులు. ఆగస్టులో పిల్లలంతా బడిలోనే ఉంటారు. ఆ పూట ఎంతమంది టీచర్లు వాళ్లను బయటికి తీసుకొస్తున్నారు?

నేను చూసినంతలో శీతోష్ణ మండలాల పాఠమంటే రంగులు వేయించడమే. నడుమ పట్టీకి ఎరుపు, దానికి అటూ ఇటూ ఆకుపచ్చ, రెండు కొసలకూ నీలం. ఉష్ణ, సమశీతోష్ణ, ధ్రువ అని మూడు పేర్లు బట్టీ. ఆ మధ్య మా వీధిలో మూడో తరగతి పాపను ‘మన ఊరు ఏ రంగులో ఉందమ్మా?’ అని అడిగాను. బొమ్మంతా చాలాసేపు వెతికింది. చివరికి, ‘ఇది ప్రపంచం కదా తాతయ్యా, మన ఊరు ఇందులో ఉండదు’ అంది. తప్పు పిల్లది కాదు. ఆమె నిలబడిన నేలే పాఠంలో లేదు.

కర్కట రేఖ, మకర రేఖ ఎవరో ముచ్చటపడి గీసినవి కావు. సూర్యుడు నడినెత్తికి రాగలిగే హద్దులవి: ఉత్తరాన 23.5 డిగ్రీలు, దక్షిణాన 23.5 డిగ్రీలు. ఆ నడుమ ఉన్నదే ఉష్ణమండలం. రెండు తెలుగు రాష్ట్రాలూ పూర్తిగా అందులోనే ఉన్నాయి కాబట్టే మన పిల్లల నీడ ఏడాదికి రెండుసార్లు కాళ్ల కిందికి చేరుతుంది. ఢిల్లీ పిల్లలకు ఏ రోజూ చేరదు.

ధ్రువాల దగ్గర చలి ఎందుకో చెప్పడానికి ఒక టార్చి, ఒక బంతి చాలు. బంతి నడుం మీద వెలుగు చిన్న చుక్కలా చిక్కగా పడుతుంది. టార్చిని అలాగే పైకి జరిపితే, ఆ వెలుగే బంతి ఒంపు మీద సాగి పలచబడుతుంది. ఇది చూపించకపోతే ‘సూర్యుడికి దూరం కాబట్టి చలి’ అని పిల్లలే ఒక కారణం కల్పించుకుంటారు. పెద్దయ్యాక కూడా అది వదలదు. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చేది జనవరి మొదట్లో, మనం దుప్పట్లు ముసుగుతన్నే రోజుల్లో.

ఆ జనవరిలోనే మన ఇళ్లకు మరో పాఠం ఫోనులో నడిచి వస్తుంది. ఇక్కడ తెల్లవారి ఆరింటికి భోగిమంట చుట్టూ చేరి వీడియో కాల్ చేస్తే, న్యూజెర్సీలో ముందురోజు రాత్రి. అక్కడి పిల్లలు మందపాటి కోట్లలో ఉంటారు. మెల్‌బోర్న్‌లో పట్టపగలు, నడివేసవి. భూమధ్యరేఖకు ఒకరు 40 డిగ్రీలు పైన, మరొకరు 38 డిగ్రీలు కింద. ఇద్దరిదీ సమశీతోష్ణ మండలమే, ఋతువులు మాత్రం తలకిందులు. మనవళ్లు అక్కడుంటే ఈ పాఠం తాతయ్య, అమ్మమ్మలే చెప్పవచ్చు.

అయితే మూడు రంగులతో ఆగిపోకూడదు. లంబసింగి విశాఖపట్నానికి ఇంచుమించు సమాన అక్షాంశంలోనే ఉంది. అయినా సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉండబట్టి, చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే కోనసీమలో దాదాపు రెట్టింపు. 1884లో వాతావరణ మండలాల పటం గీసిన కొప్పెన్ వృక్షశాస్త్రం చదివినవాడు. ఆయన శీతోష్ణాన్ని మొక్కల్ని బట్టి గుర్తించాడు. మన పిల్లలకూ కొబ్బరితోట, వేరుశనగ చేను చూపించి ఈ తేడా ఎందుకొచ్చిందో అడగవచ్చు. పటం పని ఆ తర్వాతే.

టీచర్లూ, ఈ ఆగస్టులో ఒక మీటరు కర్ర తీసుకుని ఆరుబయట పాతండి. పదకొండున్నర నుంచి నీడ కొస దగ్గర పిల్లల చేత గులకరాళ్లు పెట్టించండి. మబ్బు పడితే మర్నాడు చూడండి. ఒక్క రోజు తేడాకు మధ్యాహ్నపు నీడ దాదాపు అర సెంటీమీటరే. విజయవాడలో నీడ మాయమయ్యేది ఆగస్టు 6 ప్రాంతంలో, తిరుపతిలో ఆగస్టు 16 ప్రాంతంలో.