ఒక తరగతికి ఒక ఉపాధ్యాయుడు

ప్రాథమిక పాఠశాలలోనే ప్రతి సబ్జెక్టుకూ వేరొక ఉపాధ్యాయుడు ఉండాలన్న మాట మన మొహల్లాల్లోనూ వినిపిస్తున్నది. ప్రైవేటు బడిలో లెక్కలకు ఒకరు, ఇంగ్లీషుకు ఒకరు ఉండగా, సర్కారీ ఉర్దూ బడిలో ఒక్కరే అన్నీ చెబుతున్నారని తల్లిదండ్రులు నొచ్చుకుంటున్నారు. వారి ఆవేదన న్యాయమైనదే. అయితే ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒక ఉపాధ్యాయుడు ఒక తరగతికి అన్ని పాఠాలు చెప్పడం వేరు, ఐదు తరగతులకు అన్ని పాఠాలు చెప్పడం వేరు. మొదటిది బోధనా పద్ధతి. రెండవది పోస్టులు నింపనందువల్ల దాపురించిన దుస్థితి.

మొదటి పద్ధతిని తేలికగా చూడరాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఎనిమిదేళ్ల బిడ్డకు కూడిక వచ్చినా, ప్రశ్నలోని వాక్యం అర్థం కాక లెక్క తప్పవచ్చు. పీరియడుకు వచ్చిపోయే లెక్కల మాస్టారికి ఆ బిడ్డ లెక్కల్లో వెనకబడినట్టే కనబడుతుంది. రోజంతా వెంట ఉండి, అదే బిడ్డ చేత వాచకం చదివించిన ఉపాధ్యాయురాలికి అసలు లోపం ఎక్కడుందో తెలుస్తుంది. చిన్నపిల్లలకు చదువు చెప్పడమే ఒక ప్రత్యేక విద్య. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని, అందుకు డీఎడ్ శిక్షణే కావాలని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు చెప్పింది కూడా.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు జీవో మూడవ తరగతి నుండే సబ్జెక్టు టీచర్లని ఆశ చూపింది. ఆ పేరుతో 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు తరలించే ఏర్పాటు జరిగింది. కాగితం మీద కిలోమీటరు చిన్నదే. నడిరోడ్డు దాటి వెళ్లవలసిన ఆడబిడ్డకూ, కూలికి వెళ్లే తల్లికీ అది చిన్నది కాదు. 2025లో ఆ జీవో రద్దయింది. కానీ గల్లీలోని బడిని వదులుకుంటేనే మంచి చదువన్న ఆలోచన ఇంకా రద్దు కాలేదు.

ఇక రెండవ సంగతి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది లోపు పిల్లలకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. 26వ సెక్షను మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం మించరాదన్నది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతి కల్పించే బాధ్యతను రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రభుత్వాలపై పెట్టింది. ఇన్ని ఉన్నా, డీఎస్సీ తరువాత డీఎస్సీలో ఉర్దూ ఎస్జీటీ పోస్టులు మిగిలిపోతున్నాయి. ఎస్సీ, ఎస్టీ రోస్టరులో పడిన పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకకపోవడం ఒక ముఖ్య కారణం. దళిత, గిరిజన సోదరుల హక్కుతో మనకు పేచీ లేదు. ఆ కోటాను వారికి అక్కరకొచ్చే చోట భద్రపరచి, అభ్యర్థులే లేని ఉర్దూ పోస్టులను జనరల్‌కు మార్చమనే మన కోరిక. ఫైలు కదిలించే మనసుంటే ఇది పెద్ద పని కాదని, ఆఫీసు బల్ల వెనుక కూర్చున్నవారికి బాగా తెలుసు.

ఒక్క తెలుగు విషయంలో మాత్రం మినహాయింపు కోరడం సబబు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన ఉపాధ్యాయులందరికీ తెలుగు చక్కగా బోధించే పట్టు ఉండదు. తెలుగు రాని బిడ్డ రేపు మండలాఫీసులో అర్జీ రాయలేడు, పోటీ పరీక్షలో నిలవలేడు. రెండు మూడు ఉర్దూ బడులకు కలిపి ఒక తెలుగు ఉపాధ్యాయుణ్ణి నియమించినా చాలు.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని చట్టం చెబుతున్నది. వచ్చే సమావేశానికి తల్లులు కూడా తప్పక వెళ్లండి. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు, డిప్యుటేషన్‌పై వేరే చోటికి పంపినవారెందరు అని అడిగి, జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి. దాని నకలును మండల విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.