గోడలోని తడికి తుప్పే సాక్షి

పాత క్యాంపర్ కొనేవారు చూడాల్సింది కర్టెన్లు, కుషన్లు కాదు. మూలల్లోని స్క్రూలు.

అమెరికాలో సెకండ్‌హ్యాండ్ క్యాంపర్‌ను అమ్మకానికి పెట్టేముందు తళతళా కడుగుతారు. లోపల కొత్త కర్టెన్లు కడతారు. గోడలకు రంగు వేస్తారు. ఎంత ముస్తాబు చేసినా దాని అసలు ఆరోగ్యం తెలియాలంటే మాత్రం మూలన ఉన్న ఒక స్క్రూను విప్పి చూడాల్సిందే. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ చక్రాల ఇళ్లకు అతికినట్టు సరిపోతుంది.

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఈ ఇళ్లకు అక్కడ గిరాకీ కొత్తేమీ కాదు. కొవిడ్ కాలంలో మాత్రం అది కట్టలు తెంచుకుంది. హోటళ్లన్నా, విమానాలన్నా జనం జంకుతున్న 2021లో ఆర్‌వీ పరిశ్రమ రికార్డు స్థాయిలో 6 లక్షలకు పైగా బళ్లను డీలర్లకు పంపింది. 2023కల్లా ఆ సంఖ్య 3.13 లక్షలకు పడిపోయింది. ఆ ఊపులో కొన్న బళ్లు ఇప్పుడు చేతులు మారే వయసుకొచ్చాయి. కొనేవారంతా విహారయాత్రికులే కాదు. అద్దెలు భరించలేక బండినే ఇల్లు చేసుకున్నవారూ ఉన్నారు. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 'నోమాడ్‌ల్యాండ్' చూపించింది అలాంటివారి బతుకునే. వారి విషయంలో గోడ కుళ్లడమంటే సెలవులు పాడవడం కాదు, తల దాచుకునే చోటు పోవడం.

ఆ గోడలో ఏముంటుందో తెలిస్తే ప్రమాదం అర్థమవుతుంది. ఆర్‌వీల రాజధానిగా పేరుబడ్డ ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాల్లో తయారయ్యే సంప్రదాయ ట్రెయిలర్‌కు లోపలి అస్థిపంజరం చెక్కదే. బరువు తగ్గించాలి కాబట్టి ఒకటిన్నర అంగుళం మందం రీపర్లు వాడతారు. బయట పల్చని అల్యూమినియం రేకు, లోపల పల్చని ప్లైవుడ్, మధ్యలో ఫైబర్‌గ్లాస్ దూది. రెండు రేకులు కలిసే మూలల మీద అల్యూమినియం బీడింగ్ పెట్టి, దాని కింద మెత్తని పుట్టీ టేపు వేసి, వరసగా స్క్రూలు బిగిస్తారు. స్క్రూ తలలు కనిపించకుండా పైన వినైల్ పట్టీ తొడుగుతారు.

అంటే ప్రతి స్క్రూ గోడకు పెట్టిన ఒక చిల్లే. ఆ చిల్లును మూసి ఉంచేది పుట్టీ టేపు ఒక్కటే. ఎండకు వినైల్ పట్టీ కుంచించుకుపోతుంది. పుట్టీ ఎండి బీటలు వారుతుంది. రోడ్డు మీద కుదుపులకు బీడింగ్ వదులవుతుంది. ఇక వాన నీరు స్క్రూ ఒంటి వెంబడే చెక్కలోకి దిగుతుంది. మామూలు స్క్రూ ఉక్కుది. దాని మీదున్న జింకు పూత అరిగిపోయాక తుప్పు మొదలవుతుంది.

తుప్పు కనిపించగానే కంగారు పడనక్కర్లేదు, అలాగని తుడిచేసి ఊరుకోనూకూడదు. చూడాల్సింది స్క్రూ తలను కాదు, ఒంటిని. తల మాత్రమే తుప్పుపట్టి, మరలు మెరుస్తూ ఉంటే అది పై వాన ప్రభావమే. కొత్త స్క్రూ, కొత్త పుట్టీతో సరిపోతుంది. మొనదాకా తుప్పుపట్టి, మరల్లో నల్లని తడి పొట్టు ఇరుక్కుని వస్తే లోపల చెక్క చాలాకాలంగా నానుతున్నట్టే. బిగిస్తుంటే స్క్రూ పట్టు దొరక్క తిరుగుతూనే ఉంటే అక్కడ చెక్క ఉందనుకోవడమే భ్రమ.

ఇంకో చిక్కుంది. నీరు దిగిన చోటే మరక కనపడాలని లేదు. కప్పు మూలన చొరబడిన చుక్క రీపరు వెంట జారి, కిటికీ చట్రం మీద ఆగి, చివరకు మంచం కింద నేలలో తేలవచ్చు. అందుకే మరక నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లాలి. కప్పు అంచులు, గాలి గొట్టాలు, ఏసీ అమర్చిన చోటు, గుడారపు పట్టీ, మార్కర్ లైట్లు, కిటికీలు... ఇవే అనుమానితులు. గోడ కాగితం ఉబ్బడం, నేల మెత్తగా దిగడం, తలుపు తీయగానే ముక్క వాసన రావడం మరికొన్ని సాక్ష్యాలు. చెక్కలో తేమ కొలిచే మీటరు 20 శాతం దాటి చూపిస్తే బూజుకూ, కుళ్లుకూ దారి తెరుచుకున్నట్టు లెక్క.

అయితే తడి అంతా వాన పుణ్యమే కాదు. ఒక కిలో ప్రొపేన్ మండితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. చలికాలంలో కిటికీలు బిగించుకుని వంట చేస్తే, మనుషుల ఊపిరి కూడా తోడై, ఆ ఆవిరి చల్లని స్క్రూ తలల మీదే చెమటలా పడుతుంది. తేడా కనిపెట్టడం తేలికే. ఆవిరి తడి అద్దాల మీద, లోహం మీద అంతటా పరుచుకుంటుంది. లీకు తడి ఒకచోట ఉంటుంది, వాన పడ్డాక పెరుగుతుంది. మొదటిదానికి మందు గాలి ఆడేలా చూడటం. రెండోదానికి మందు రిపేరు.

ఆ రిపేరులోనే ఎక్కువమంది బోల్తాపడతారు. చేతికందిన సిలికాన్ గొట్టం తెచ్చి బీడింగ్ మీద పూసేస్తారు. బయటి దారి మూసుకుని, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. పైగా సిలికాన్ మీద తర్వాత మరే సీలెంట్ సరిగ్గా అంటుకోదు. సరైన పద్ధతి ఓపికతో కూడినది. ముందు నీరు చొరబడే దారిని ఆపాలి. బీడింగ్ విప్పి పాత పుట్టీ గీకేయాలి. లోపలి చెక్క పూర్తిగా ఆరాలి, కుళ్లిన మేర కోసి కొత్తది అతకాలి. ఆ తర్వాతే కొత్త బ్యుటైల్ టేపు, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు. పుచ్చిన చెక్కలోకి పొడవాటి స్క్రూ దించడం కుళ్లును ఇంకా లోతుకు తీసుకెళ్లడమే.

టేపు, స్క్రూల ఖర్చు కొద్ది డాలర్లే. గోడ విప్పాల్సి వస్తే కూలి ఖర్చు పాత బండి విలువను మించిపోవచ్చు. చాలా కంపెనీలు సీళ్లను తరచూ చూసుకునే బాధ్యతను వారంటీ పత్రంలోనే యజమానికి అప్పగిస్తాయి. ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసుకుని కప్పు చూసే అలవాటు ఉన్నవారికి ఈ బెడద తక్కువ.

మన దేశానికీ ఈ పాఠం దూరమైనదేమీ కాదు. నైరుతి రుతుపవనాలు ముందుగా పలకరించే కేరళ 2021లో కారవాన్ టూరిజం విధానం ప్రకటించింది. ఇక్కడి కారవాన్లు ఎక్కువగా వ్యాను, బస్సు ఛాసిస్‌ల మీద కట్టినవి కాబట్టి గోడల తీరు వేరు. కానీ ఏసీ కోసం కప్పు కోసినా, కిటికీ కోసం రేకు కోసినా నీటికి దారి ఇచ్చినట్టే. బండిని అద్దెకిచ్చే యజమాని అయినా, పాతది కొనే కుటుంబమైనా వాన వెలిసిన మర్నాడు ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని మూలలన్నీ తిరిగి రావడం మంచిది. అమ్మేవారు చెప్పని సంగతి చాలాసార్లు ఆ స్క్రూ మరల్లోనే ఉంటుంది.