జాఫర్ తాఖత్ ఎంత?

మొన్న ఏర్గట్లలో చుట్టాలింటికి దావత్‌కు పోతే, బగారా అన్నం వడ్డించేలోపు పిలగాళ్ల మధ్య పెద్ద బహస్ నడుస్తోంది. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ పాత గేమ్‌లో విలన్ జాఫర్ తాఖత్ ఎంత అని. జాదూగర్ కదా, వాడిని మించినోడు లేడని ఒకడు. ఉత్త కత్తి తిప్పేటోడే అని ఇంకొకడు. ఆ గుంపులో ఒక పిలగాడి పేరు కూడా జాఫరే. వాడు మాత్రం నోరు విప్పలేదు.

ఈ గేమ్ నాకు బాగా ఎరుక. 1989లో జోర్డన్ మెక్నర్ తయారు చేశాడు. మా జమానాలో కంప్యూటర్ సెంటర్లలో సార్ బయటికి పోతే చాలు, స్క్రీన్ మీద ఇదే. సుల్తాన్ జంగ్‌కు పోయినప్పుడు వజీర్ జాఫర్ రాజ్యాన్ని చేతిలోకి తీసుకుంటాడు. నిఖా చేసుకో, లేకుంటే మౌత్ అని షహజాదీకి ఒక గంట మొహలత్ ఇస్తాడు. ఆ గంటలో మనం 12 లెవల్స్ దాటాలి.

ఆఖరి లడాయిలో జాఫర్ ఏ జాదూ చెయ్యడు. సిపాయి లెక్కనే కత్తి పట్టుకొని వస్తాడు. అతనికన్నా మూడో లెవల్‌లోని అస్థిపంజరం మొండిది. కత్తితో ఎన్ని దెబ్బలేసినా చావదు, అంచు మీదినుంచి కిందికి పడేయాల్సిందే. అద్దంలోంచి పుట్టిన నీడ ఇంకా ఖతర్నాక్. దాన్ని పొడిస్తే గాయం మనకే. కత్తి ఒరలో పెట్టినోడే ముందుకు పోతాడు. జాఫర్ తాఖత్ అంతా ఆ ఇసుక గడియారంలోనే ఉంది. 60 నిమిషాలు గడిస్తే అతని మొహం చూడకుండానే ఓడిపోతాం. గేమ్ వరకు నా ఫైసలా ఇదే.

పేరు సంగతి వేరు. జాఫర్ బిన్ యహ్యా బర్మకీ అనే వజీర్ నిజంగానే ఉన్నాడు, బాగ్దాద్‌లో ఖలీఫా హారూన్ రషీద్‌కు బాగా దగ్గరి మనిషి. అల్ఫ్ లైలాలో ఖలీఫాతో పాటు రాత్రిళ్లు మారువేషంలో గల్లీలు తిరుగుతాడు. అక్కడ జాలిమ్ కాదు. మూడు సేబుల కిస్సాలోనైతే, మూడు దినాల్లో ఖాతిల్‌ను పట్టుకురా, లేకుంటే నీ తల పోతుందని ఖలీఫా మొహలత్ పెట్టేది ఈ బిచారా జాఫర్‌కే! తారీఖ్‌లో కూడా అంతే. అంత పెద్ద వజీర్ తల 803లో అదే ఖలీఫా హుకుంతో తెగిపోయింది, ఖాందాన్ ఖైదైంది.

1940లో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ సినిమా జాఫర్‌ను దుష్ట జాదూగర్ చేసింది. తర్వాత ఈ గేమ్, 1992లో డిస్నీ ‘అల్లాదీన్’ అదే దారి పట్టాయి. మరి ముగ్గురూ చూపించింది విలన్ జాఫర్‌నే అయితే, మన పిల్లలకు ఇంకో జాఫర్ ఎట్లా ఎరుకైతడు? సినిమా విలన్లకు మన పేర్లు పెడితే మనకు గుస్సా వస్తుంది, రావాలె కూడా. కానీ అదే పేరుతో దోస్తులు మన ఇంటి పిలగాడిని ఏడిపిస్తుంటే, ఖేల్ కదా అని మనమే నవ్వి ఊరుకుంటాం. ఫోన్ లాక్కుంటే ఈ మసలా తీరదు. ఇళ్లల్లో ఉర్దూ చదివేవాళ్లు తగ్గారు, ఒప్పుకుంటా. తెలుగులోనే చెప్పండి, ఈ జుమ్మా లోపల ఆ మూడు సేబుల కిస్సా.