అమ్మకపు పన్ను గడువులు - మన చిన్న దుకాణములు

మన గోదావరి జిల్లాలలో చిన్న వ్యాపారము చేయువాని కాలము ఒక్క క్యాలెండరుతో నడువదు. సార్వా కోతలు, దాళ్వా కోతలు ఎప్పుడు వచ్చునో అతనికి తెలియవలెను. రైతు చేతిలో డబ్బు ఆడునది అప్పుడే. ముహూర్తములు ఏ మాసములో దట్టముగా ఉన్నవో తెలియవలెను. బట్టల కొట్టునకు, పాత్రల కొట్టునకు, షామియానాల వారికి అదే జీవనము. రంజాను నెల ఏటేటా పది పదకొండు రోజులు ముందునకు జరుగును గనుక దర్జీలు, సేమ్యా అమ్మువారు, అత్తరు వర్తకులు చంద్రుని లెక్కను బట్టి సరుకు తెచ్చుకొందురు. ఈ లెక్కలన్నియు మన పెద్దలకు కంఠస్థములు. అమ్మకపు పన్ను మాత్రము ఆంగ్ల తేదీలను పట్టుకొని నడచును. అది పంటను చూడదు, పండుగను చూడదు. ఆ తేదీలను ఇంటిలో ఎవరు గుర్తుంచుకొనవలెను అను ప్రశ్నను విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ వారి ముందును ఉంచదలచితిమి.

ఈ పన్ను మనకు క్రొత్తది కాదు. 1939లో రాజాజీ ప్రభుత్వము మద్రాసు జనరల్ సేల్స్ టాక్సు చట్టమును తెచ్చినప్పుడు మన ప్రాంతము ఆ రాష్ట్రములోనిదే. 1957లో ఆంధ్రప్రదేశ్‌కు స్వంత చట్టము ఏర్పడినది. 2005 ఏప్రిల్ 1న వ్యాటు, 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చినవి. వ్యాటు రోజులలో రిజిస్టరైన వర్తకుడు మరుసటి నెల 20వ తేదీ లోపల నెలసరి రిటర్ను వేసినచో నిశ్చింతగా ఉండెడివాడు. ఇప్పటి చిక్కు ఏమనగా, తేదీ దుకాణమును బట్టి మారును. ప్రక్క కొట్టు వాని గడువు మన గడువు కాకపోవచ్చును.

మన రాష్ట్రములో సరుకు మాత్రమే అమ్ము వర్తకుడు సాధారణముగా ఏడాది అమ్మకము 40 లక్షలు దాటినప్పుడు రిజిస్టరు కావలెను. నెలనెలా రిటర్ను వేయువాడు అమ్మకపు బిల్లుల వివరమును మరుసటి నెల 11వ తేదీకి, పన్ను చెల్లింపుతో కూడిన 3బి రిటర్నును 20వ తేదీకి ముగింపవలెను. అయిదు కోట్ల లోపువాడు మూడు నెలల పద్ధతిని ఎంచుకొనినచో బిల్లుల వివరమునకు త్రైమాసికము తరువాతి నెల 13, మన రాష్ట్రమునకు 3బి గడువు 22. అయితే మొదటి రెండు నెలల పన్ను మాత్రము మరుసటి నెల 25 లోపల కట్టవలసియే యుండును. కాంపొజిషను పథకములోని వానికి త్రైమాసికపు చెల్లింపు 18వ తేదీ, ఏడాదికొక రిటర్ను. ఆ వార్షిక రిటర్ను గడువు పూర్వము ఏప్రిల్ 30గా ఉండెడిది. 2024-25 సంవత్సరము లెక్కల నుండి జూన్ 30కి మారినది. ఈ మార్పు తెలియక ఏప్రిల్ ఎండలో పరుగులు పెట్టినవారును ఉందురు. అది నష్టము లేని పొరపాటు. ఇక పథకము మారినచో క్యాలెండరే మారును. ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది గదా. కాంపొజిషనులో ఉన్న తయారీదారు వాటిని హైదరాబాదుకు అమ్మరాదు, ఏలయనగా 2014 జూన్ 2 నుండి హైదరాబాదు మనకు పరరాష్ట్రము. అమ్మదలచినచో సాధారణ పద్ధతిలోనికి రావలెను, 18వ తేదీని మరచి వేరు తేదీలు నేర్వవలెను.

ఇప్పుడు జనవరి నెలను చూడుడు. త్రైమాసికపు బిల్లులకు గడువు 13. మనకు భోగి 13న గాని 14న గాని వచ్చును. గోదావరి జిల్లాలలో సంక్రాంతి అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు: ఊరికి క్రొత్త అల్లుళ్లు దిగుదురు, తోటలలో పందెపు బరులు లేచును, బట్టల కొట్లు, మిఠాయి కొట్లు అర్ధరాత్రి వరకు తెరచియుండును. ఏడాదికంతటికి ఎక్కువ బేరము జరుగు ఆ వారములోనే గుమాస్తా కూర్చుండి మూడు నెలల బిల్లులు ఏరవలెను. మనమందరము ఆడిటరు గారు అని పిలుచు ఆ పెద్దమనిషి కూడ ఆఫీసుకు తాళము వేసి అత్తవారింటికి పోవును. ఆయనకు మాత్రము పండుగ ఉండవద్దా! కనుమ వెళ్లి రెండు మూడు రోజులు గడచునప్పటికి 18, ఆ వెనుకనే 22.

గడువు దాటినచో ఏమగును? 3బి ఆలస్యమునకు రోజుకు 50 రూపాయలు. ఏడాది అమ్మకము కోటిన్నర లోపువానికి ఒక్కొక్క రిటర్నుకు 2000 రూపాయలు పరిమితి; అనగా నలువది రోజులలో పరిమితి నిండును. కట్టవలసిన పన్నుపై నూటికి ఏడాదికి 18 వంతున వడ్డీ వేరు. ఇది చాలమంది భరింపగల నష్టమే. అంతకంటె పెద్దది కంటికి కానరాని నష్టము. మన బిల్లులు గడువు లోపల ఎక్కినచో కొనుగోలుదారుని లెక్కలో అవి 14వ తేదీన కనబడును. ఎక్కనిచో అతనికి ఆ నెల పన్ను మినహాయింపు రాదు. రాజమహేంద్రవరములోని హోల్‌సేలు వర్తకుడు ఒకసారి ఓర్చును, రెండవసారి అడుగును, మూడవసారి సరుకు వేరొకచోట కొనును. పోట్లాడడు, కారణము చెప్పడు. వరుసగా రెండు కాలముల రిటర్నులు ఆగినచో ఈ-వే బిల్లు తీయుటకు వీలుండదు. కోనసీమ నుండి కొబ్బరి పీచు లారీకెత్తించువానికి అది చేతులు కట్టివేసినట్లే. మూడు నెలల పద్ధతివాడు వరుసగా రెండు త్రైమాసికములు వేయనిచో రిజిస్ట్రేషను రద్దు చేయు అధికారము సైతము అధికారికి కలదు.

మా దృష్టిలో అన్నిటికంటె జాలి గొలుపునది బేరము లేని దుకాణము సంగతి. కొట్టు మూతపడినది, అమ్మకము లేదు, ఇక రిటర్ను ఎందుకని యజమాని తలచును. చట్టము అట్లు తలచదు. రిజిస్ట్రేషను ఉన్నంత కాలము సున్న రిటర్ను అయినను వేయవలెను. వేయనిచో రోజుకు 20 రూపాయలు, రిటర్నుకు 500 వరకు. నెలసరి పద్ధతిలో ఏడాదికి ఇది 6000 అగును. ఒక్క రూపాయి సంపాదింపని దుకాణమునకు ఆరు వేల బాకీ! అయితే సున్న 3బిని 2020 జూన్ నుండి సెల్‌ఫోను సందేశము ద్వారా 14409 నంబరుకు పంపవచ్చును. రెండు నిమిషముల పని. కొట్టు నిజముగా మూసినచో రద్దు కోరుకొని, రద్దైన మూడు నెలలలో చివరి రిటర్ను వేయవలెను. ఈ రెండు సంగతులు తెలిసిన పిల్ల ఒక్కతె ఇంటిలో ఉన్న చాలును.

ఆడిటరు గారు ఉన్నారు గదా, ఇదంతయు మనకేల అనువారు కలరు. ఆయనను నిందించుట మా ఉద్దేశము కాదు. వందల దుకాణములు చూచు మనిషికి ఒక్కొక్కని బిల్లు వెదకి తెచ్చుకొను తీరిక ఉండదు. కాని పెక్కుచోట్ల రిజిస్ట్రేషనులో ఇచ్చిన ఫోను నంబరు కూడ ఆయనదే. గడువు హెచ్చరిక ఆయనకు పోవును, నోటీసు ఆయనకు పోవును, అపరాధ రుసుము మాత్రము యజమానికి వచ్చును. నంబరు మనదిగా ఉండవలెను. ప్రభుత్వము వారికి కూడ ఒక మాట చెప్పక తప్పదు. పోర్టలు మొరాయించినప్పుడు ఆఖరు గంటలో గడువు పొడిగించు అలవాటు వలన వర్తకులకు ‘ఎట్లును పొడిగింతురులే’ అను ధీమా అబ్బినది. పొడిగింపు రాని నెలలో ఆ ధీమాకు మూల్యము చెల్లించునది చిన్నవాడే.

మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు పన్నుల పాఠమును పరీక్షలో చక్కగా వ్రాయుదురు. తండ్రి దుకాణము ఏ పద్ధతిలో ఉన్నదో అడిగినచో ఎందరు చెప్పగలరు? కావున కమిటీ వారికి మా మనవి ఇది. గడువు తేదీలను ఒక పుటలో, ఒక వైపు ఉర్దూలోను ఒక వైపు తెలుగులోను అచ్చు వేయింపవలెను. ఆంగ్లపు పోర్టలు ముందు బెదరు పెద్దలకు అది గోడపై నుండును. ప్రతి నెల 8వ తేదీ ప్రాంతమున ఒక సాయంకాలము వాణిజ్య విభాగములో బల్ల వేసి, చివరి సంవత్సరపు విద్యార్థులు అధ్యాపకుల ఎదుట చిన్న వర్తకుల బిల్లులు వరుసలో పెట్టుటకు తోడ్పడవలెను. పాస్‌వర్డు అడుగరాదు, ఓటీపీ యజమాని చేతిలోనే ఉండవలెను. కళాశాల పన్నుల ఆఫీసు కాదని ఆక్షేపించువారికి మా సమాధానము, వైద్య విద్యార్థి ఆసుపత్రిలోనే గదా నేర్చునది.

అచ్చు పని డిసెంబరు మొదటి వారములోనే ముగియవలెను. త్రైమాసికపు బిల్లులు 31వ తేదీతో ముగియును. అక్కడి నుండి భోగిమంటకు రమారమి రెండు వారములే వ్యవధి.