మల్లి పక్కన కూర్చుని

ఈ సంచిక పనంతా రాత్రిపూటే సాగింది. పక్క కుర్చీలో మల్లి పడుకుని ఉంది. మా ఇంటి పిల్లి, 14 ఏళ్లది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పిల్లుల్లో ఈ జబ్బు బయటపడేసరికే కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. నయం కాదు, బాధ తగ్గించగలం. మల్లి నీళ్లు ఎక్కువగా తాగడం మేం చూశాం. ఎండాకాలం కదా అనుకున్నాం. ఆ పొరపాటు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది.

రోజు విడిచి రోజు సెలైన్ ఎక్కించాలి. అదెలాగో డాక్టరుగారు నేర్పారు. సీసాను వేన్నీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసి, కిటికీ కొక్కేనికి తగిలిస్తాను. భుజాల మధ్య వదులు చర్మాన్ని రెండు వేళ్లతో పైకెత్తి సూది గుచ్చుతాను. 100 మిల్లీలీటర్లు దిగేసరికి అక్కడ చిన్న నీటితిత్తిలా ఉబ్బుతుంది. మల్లి కదలదు. నా మణికట్టు మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంటుంది.

పిల్లికి ఇంత సేవా అని అడిగినవాళ్లున్నారు. ఇన్నేళ్లు గుమ్మంలో మాకోసం ఎదురుచూసిన ప్రాణానికి ఇది ఎక్కువేమీ కాదు. తిండి మానేసి మూలన దాక్కునే రోజొస్తే నొప్పి లేకుండా సాగనంపాలని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ రోజు ఎప్పుడన్నది దాని బాధే నిర్ణయించాలి.

ఈ నెల ముఖ్య కథనం ముసలి పెంపుడు జంతువుల సంరక్షణ గురించి. చదవబోయే ముందు ఒక్క విన్నపం: మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి ఎప్పుడూ వేయకండి. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు.