తీపి దీవిలో తీపి జబ్బు

అనకాపల్లి బెల్లం బజారు పక్కన కూర్చుని మధుమేహం గురించి రాయడం సాహసమే. అయినా రాస్తాను. మా వీధిలో ఎవరిని కదిపినా "మా వంశంలోనే ఉందండీ" అంటూ నిశ్చింతగా ఇంకో జిలేబీ అందుకుంటారు.

వంశం మాట పూర్తిగా అబద్ధమనను. కాని మారిషస్ సంగతి చూడండి. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. ఆఫ్రికా నుంచి, మడగాస్కరు నుంచి తెచ్చినవారికి విముక్తి కలిగింది. ఆ రోజుల్లోనే చెరకు తోటల పనికి మన విశాఖ, గంజాం, గోదావరి జిల్లాలవాళ్ళను ఓడలెక్కించారు. 1987లో వైద్యులు ఈ సంతతులవారిని వేలమందిని పరీక్షించారు. మనవాళ్ళలో మధుమేహం హెచ్చుగానే ఉంది; అది అనుకున్నదే. ఆఫ్రికా సంతతి క్రియోల్ జనంలోనూ, చీనావాళ్ళలోనూ పెద్ద తేడా లేదు! తాతలు ముగ్గురికీ వేరు. ఉండే దీవి, వంటనూనె ఒకటి.

ఆ ఏడే ప్రభుత్వం చవక వంటనూనెలో పామాయిలు చాలావరకు మాన్పించి సోయా నూనె పోయించింది. అయిదేళ్ళలో జనం రక్తంలో కొలెస్టరాలు సగటున ఇంచుమించు ఏడో వంతు తగ్గింది. మధుమేహం మాత్రం లొంగలేదు. జనానికి ఒళ్ళు పెరుగుతూనే ఉంది మరి. నూనె మార్చినంత తేలికగా నడక అలవాటవుతుందా?

ఇదంతా చదివి వినిపిస్తే మా అమ్మ, "మన డబ్బాలో ఏ నూనె ఉందిరా?" అంది. లేచి చూశాను. పామాయిలు.